చీటీ మీద రాయని పని
(ఉప్పాడలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో ఆహ్వానపత్రంలో ఉంది. మళ్ళీ చెప్పను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ గుమస్తాగారే. నేత సొసైటీలో లెక్కలు రాసేవారు. ఎవరికి ఎన్ని చిలపల నూలు ఇచ్చారు, ఎవరు ఎన్ని చీరలు అప్పగించారు, ఎంత మజూరీ చెల్లింది, అదీ ఆయన ఉద్యోగం. ఆ పుస్తకాల్లో ఒకటి పోయిన వేసవిలో వాళ్ళబ్బాయి నాకు చూపించారు. సిరాతో ఉన్నవన్నీ మగవాళ్ళ పేర్లు. సభ్యత్వం వాళ్ళదే కదా. ఆ పేర్ల పక్కన, అంచులో, పెన్సిలుతో సన్నగా ఇంకో వరస ఉంది. "భార్య, కండెలు." "తల్లి, గంజి." "కోడలు, రంగు." ఆ వివరం సొసైటీ అడిగింది కాదు, ఆడిటరుకు అక్కర్లేదు. మరెందుకు రాశారండీ అని అడిగాను. "ఏమోనండీ, లెక్కలో ఎవరైనా మిగిలిపోతే నాన్నగారికి నిద్ర పట్టేది కాదు" అన్నారు.

నేను రక్తం చూసే డాక్టర్ని. కొత్తపల్లి వైపు నేతవాళ్ళింట్లో పుట్టాను, గుంటమగ్గం చప్పుడు వింటూ చదువుకున్నాను. తర్వాత ముప్పయ్యేళ్ళు మైక్రోస్కోపు మీద వంగి కూర్చున్నాను. నేతపనికీ రక్తపు జబ్బులకీ ఏమైనా లంకె ఉందా అని నన్ను చాలామంది అడిగారు. ఉంది. అయితే మీరు అనుకునే చోట కొంత, అనుకోని చోట చాలా ఉంది. ముందు ఆ అనుకోని చోటు దగ్గర మొదలుపెడతాను.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయిలో దిగింది. అక్కడ గర్భిణులకు ఒక భయంకరమైన రక్తహీనత వస్తోంది. నెలలు నిండేకొద్దీ ఒళ్ళు పాలిపోతుంది, ఆయాసం, కాళ్ళ వాపు, చాలామందికి కాన్పుతో పాటే ప్రాణం పోతుంది. బీదవాళ్ళలో ఎక్కువ, అందులోనూ బట్టల మిల్లుల పనివాళ్ళలో మరీ ఎక్కువ. రక్తం చూస్తే ఎర్రకణాలు తక్కువగా ఉన్నాయి, కానీ ఒక్కొక్కటీ ఉండాల్సినదానికంటే పెద్దగా ఉంది. ఇనుము చాలక వచ్చే రక్తహీనతలో కణాలు చిన్నవవుతాయి. కాబట్టి ఇది వేరే జాతి. ఆ రోజుల బొంబాయి మిల్లుల్లో మన పద్మశాలీలు కూడా తక్కువేం కాదు. కరువులకు వలసపోయినవాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడుంది.

ఇవాళ మనలాంటివాళ్ళం అక్కడుంటే ఏం చేసేవాళ్ళం? మిల్లులో దూది ధూళి, నూనె, రంగు, ఆవిరి, వీటిలో దేన్నో పట్టుకుని అదే దోషి అనేవాళ్ళం. ఆవిడా మొదట ఏదైనా క్రిమి ఉందేమోనని వెతికింది. దొరకలేదు. తర్వాత ఆ ఇళ్ళల్లో ఏం వండుకుంటున్నారో రాసుకుంది. కూనూరు ప్రయోగశాలలో ఎలుకలకు సరిగ్గా ఆ తిండే పెట్టి చూసింది. ఆ తర్వాత కోతులకు. రక్తం తగ్గిన కోతికి మార్మైట్ పెడితే కోలుకుంది. మార్మైట్ అంటే బీరు బట్టీల్లో మిగిలే ఈస్టుతో చేసే చవక లేహ్యం, ఇంగ్లండులో రొట్టె మీద రాసుకుంటారు. దాన్నే గర్భిణులకు ఇచ్చింది. లేచి కూర్చున్నారు. 1931లో మద్రాసు గోషా ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లోనే ఈ సంగతి ప్రకటించింది. ఆ లేహ్యంలో ఉన్న పదార్థమేమిటో ఆవిడకు అంతుపట్టలేదు. "విల్స్ ఫ్యాక్టర్" అని ఊరుకున్నారు. ఆవిడ ఎలుకలను పెట్టిన కూనూరు పోషకాహార పరిశోధన తర్వాతి కాలంలో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఆ పదార్థం పేరు మనకు తెలిసేసరికి కథలోకి మన గోదావరి మనిషి వచ్చాడు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన అన్నదమ్ములను స్ప్రూ అనే గ్రహణి జబ్బు తీసుకుపోయింది, ఆయన్నూ పట్టుకుని వదిలింది. తిన్నది ఒంటబట్టకుండా పోయి, చివరికి అవే పెద్ద కణాల రక్తహీనతలోకి దింపే జబ్బు అది. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1940ల మధ్యలో ఆ పదార్థాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అదే ఫోలిక్ ఆమ్లం. లాటిన్‌లో ఆకు అన్న మాట నుంచి ఆ పేరు పెట్టారు, పాలకూర ఆకుల్లోంచి తీశారు కనుక. మన తోటకూర, మునగాకు అన్నమాట. ఈవేళ ప్రభుత్వాసుపత్రిలో గర్భిణికి ఐరన్ మాత్రతో కలిపి ఊరికే చేతిలో పెట్టేది అదే. ఒక నేతపనివాళ్ళ జబ్బు దగ్గర మొదలైన వెతుకులాట భీమవరం మనిషి చేతిలో తేలింది. ఈ వరస మొత్తం మన పిల్లలకు తెలియాలని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇంకొక మెలిక ఉంది. ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ ఆమ్లం లాంటివి ఇస్తే జబ్బు ముదిరినట్టు బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్‌కు అనిపించింది. అలాగైతే దానికి విరుగుడు ఇస్తేనో? ఆ విరుగుడు మందులూ సుబ్బారావుగారి బృందం చేసినవే. 1948లో ఫార్బర్ ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మంది కొంతకాలం తేరుకున్నారు. పిల్లల ల్యుకేమియా మందుకు లొంగడం అదే మొదలు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. లెడర్లీని కొనుక్కున్న అమెరికన్ సయనమిడ్ అనే పెద్ద సంస్థకు బట్టల రంగులు తయారుచేసే కంపెనీ కూడా ఉండేది. రంగుకూ రక్తానికీ దగ్గరి చుట్టరికం అక్కడ ఒక్కచోటే కాదు.

నా పనినే తీసుకోండి. మీరు పట్టుకు రంగు అద్దినట్టే మేమూ గాజుపలక మీద పూసిన రక్తపుచుక్కకు రంగు అద్దుతాం. అద్దకపోతే తెల్లకణాలు సరిగ్గా కనిపించవు. అందులో వాడే ఇయోసిన్ ఎరుపు, మిథిలీన్ బ్లూ నీలం రెండూ 1870లలో జర్మన్ రంగుల ఫ్యాక్టరీలు బట్టల కోసం చేసినవే. ఏ కణం ఏ రంగు పట్టుకుంటుందన్న దాన్ని బట్టి తెల్లకణాలను జాతులుగా విడగొట్టినవాడు పాల్ ఎర్లిఖ్. తుమ్ములొస్తే మనం "ఇస్నోఫీలియా" అంటామే, ఆ మాటలో ఉన్నది ఆ ఎర్రరంగు పేరే. అంటే రక్తశాస్త్రం అద్దకపు తొట్టిలో పుట్టింది. ఆ తొట్టిలో చేతులు పెట్టినవాళ్ళ రక్తం సంగతి మాత్రం ఆలస్యంగా పట్టింది.

ఇప్పుడు మీరు అనుకునే చోటుకు వద్దాం.

1856లో లండన్‌లో 18 ఏళ్ళ విలియం పెర్కిన్ బొగ్గుతారు సరుకులోంచి ఊదారంగు తీశాడు. అక్కడినుంచి మన నీలిమందు, చిరివేరు వెనకబడ్డాయి, అనిలిన్ రంగుల రాజ్యం వచ్చింది. అనిలిన్ రక్తానికి చేసేది చాలా సూటిగా ఉంటుంది. ఎర్రకణంలో ఇనుము ప్రాణవాయువును మోస్తుంది. అనిలిన్ ఒంట్లోకి చేరితే ఆ ఇనుము ఒక మెట్టు మారిపోతుంది, ఇక మోయదు. మనిషి నీలబడతాడు. 1886లోనే ఇంగ్లండులో పసిపిల్లలు ఉన్నట్టుండి నీలబడితే, వాళ్ళ గుడ్డల మీద కొత్తగా కొట్టిన ముద్రల సిరాలోని అనిలిన్ చర్మంలోంచి దిగిందని కనుక్కున్నారు. పుట్టి నాలుగు రోజులు కాని బిడ్డకు బట్ట ద్వారా వచ్చిన రక్తదోషం.

మన దగ్గర దీని సంగతి ఎలా ఉంటుందో నేనొకసారి చూశాను. ఊరు చెప్పను. ఇద్దరు మగవాళ్ళను ఆటోలో తెచ్చారు. పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టున్నాయి. ఆక్సిజన్ పెట్టినా రంగు మారలేదు. గుండె జబ్బా, పురుగుమందా అని హడావుడి. రక్తం తీసి నా దగ్గరకు పంపారు. సిరంజిలో ఉన్నది చింతపండు పులుసు రంగు. తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి గాలికి పెట్టాను. మామూలు రక్తమైతే ఎర్రబడుతుంది, ఇది అలాగే ఉండిపోయింది. వాళ్ళతో వచ్చిన కుర్రాణ్ణి అడిగాను, "ఏం పని చేస్తారు వీళ్ళు?" అని. "డైయింగ్ షెడ్డులోనండి." "పొద్దున ఏం తాగారు?" "మజ్జిగండి. ఉప్పు డబ్బా అయిపోతే అక్కడే ఉన్న డబ్బాలోది వేసుకున్నారు."

నాఫ్తాల్ ఎరుపు వేసే షెడ్డుల్లో పనిచేసినవాళ్ళకు ఆ డబ్బా ఏదో తెలుసు. నూలును ముందు కాస్టిక్‌లో కరిగించిన నాఫ్తాల్‌లో ముంచుతారు. తర్వాత బేసు తొట్టి. ఆ బేసును యాసిడ్‌తోనూ, సోడియం నైట్రైట్‌తోనూ, చల్లగా ఉండటానికి ఐసుగడ్డతోనూ కలుపుతారు. సోడియం నైట్రైట్ చూపుకు ఉప్పే, రుచికీ ఉప్పగానే ఉంటుంది. అదీ అనిలిన్ చేసే పనే చేస్తుంది, ఇంకా తొందరగా. ఆ ఇద్దరికీ విరుగుడుగా నరంలోకి ఎక్కించిన మందు మిథిలీన్ బ్లూ, ఇందాకటి బట్టల రంగే. గంట తిరిగేసరికి పెదాలు ఎర్రబడ్డాయి. రంగు షెడ్డు తెచ్చిన జబ్బుకు మందూ రంగు షెడ్డే ఇచ్చిందని ఆ రాత్రి ఇంటికి పోతూ నవ్వుకున్నాను. మర్నాడు కేసు షీటు చూస్తే నవ్వు పోయింది. వృత్తి అన్నచోట "కూలి" అని ఉంది. నైట్రైట్ మాట ఎక్కడా లేదు. ఆ కాగితం పదేళ్ళ తర్వాత ఎవరు తిరగేసినా ఇద్దరు కూలీలు నీలబడి బాగయ్యారు అని తప్ప మరేం తెలియదు.

ఆ మిథిలీన్ బ్లూతో ఒక జాగ్రత్త ఉంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువ ఉన్నవాళ్ళకు అది ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. అదే లోపం ఉన్నవాళ్ళకు మన పట్టుచీరల పెట్టెలోని కలరా ఉండలూ పడవు. అవి నాఫ్తలీన్. 1963లో గ్రీసు డాక్టర్లు, కలరా ఉండల్లో దాచిన బట్టలు, దుప్పట్లు వాడిన పసిబిడ్డలకు రక్తం విరిగి కామెర్లు రావడం గురించి రాశారు. బాలింతరాలి గదిలో, పెట్టెలోంచి అప్పుడే తీసిన అమ్మమ్మ పట్టుచీరలో బిడ్డను చుట్టడం మనకు ముచ్చట. ముచ్చట తీర్చుకోండి, చీరను ముందు రెండు రోజులు ఎండలో ఆరేయండి.

ఇక అందరూ భయపడే మాట, రక్త క్యాన్సర్. ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుస్తాను. నేత నేస్తే ల్యుకేమియా వస్తుందని నేను అనడం లేదు. రేపు పొద్దున ఎవరైనా అలా అన్నానని చెబితే నమ్మకండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లో బట్టల తయారీ పనిని "క్యాన్సర్ కారకం కావచ్చు" అన్న వరసలో పెట్టింది. దానికి ముఖ్య ఆధారం అద్దకం, నేత పనివాళ్ళలో మూత్రాశయం క్యాన్సరు, నేతవాళ్ళలో ముక్కు క్యాన్సరు. బెంజిడిన్ రంగులు మూత్రాశయాన్నే పట్టేవి. ఆ జాతి అజో రంగులు 112ను మన దేశం 1990లలో నిషేధించింది. రక్తం దగ్గరకొచ్చేసరికి ఈ పనిలో చెప్పాల్సిన పేర్లు రెండే, బెంజీన్, ఫార్మాల్డిహైడ్.

బెంజీన్ మూలుగను ఎండబెడుతుంది. 1897లోనే స్వీడన్‌లో సైకిలు టైర్లు చేసే ఆడపిల్లల్లో ఇది చూశారు. ఇస్తాంబుల్‌లో ముజఫ్ఫర్ అక్సోయ్ అనే రక్తవైద్యుడు తన దగ్గరికి ల్యుకేమియాతో వచ్చేవాళ్ళల్లో చెప్పులు కుట్టేవాళ్ళు ఎక్కువైపోతున్నారని గమనించాడు. వాళ్ళు వాడే జిగురులో బెంజీన్. 1974లో 26 మంది కేసులు అచ్చువేశాడు. ఊళ్ళో ఎంతమంది చెప్పులు కుడుతున్నారో తెలుసు గనక, 28,500 మందికి ఇన్ని అని లెక్క కట్టగలిగాడు. ఆయన దగ్గర పెద్ద యంత్రాలేవీ లేవు. ఏం పని చేస్తావు నాయనా అని అడిగి, రాసుకున్నాడంతే. మన దగ్గర బెంజీన్ ఎక్కడిది అంటారేమో. "పెట్రోల్ వాష్" అంటాం చూడండి, మరకపడ్డ పట్టుచీరను మూసిన గదిలో పెట్రోలుతో తుడవడం. మన పెట్రోలులో ఇప్పటికీ ఒక శాతం దాకా బెంజీన్ ఉండనిస్తారు. ఏడాదికో చీర తుడిచిన ఇల్లాలికి దానితో ఏం కాదు. రోజంతా అదే పనిలో ఉన్న కుర్రాడికి కిటికీ తెరవాలి.

ఫార్మాల్డిహైడ్ ముడతపడని బట్టకు పెట్టే పూతలో ఉంటుంది. అమెరికాలో జార్జియా, పెన్సిల్వేనియాల్లోని మూడు దుస్తుల ఫ్యాక్టరీల్లో అలాంటి బట్ట కుట్టిన 11,039 మంది చావుబతుకుల లెక్క 2004లో వచ్చింది. అందులో అత్యధికులు ఆడవాళ్ళు. చాలా ఏళ్ళు పనిచేసినవాళ్ళలో మైలాయిడ్ ల్యుకేమియా మరణాలు ఉండాల్సినదానికంటే ఎక్కువ కనిపించాయి. 2009లో అంతర్జాతీయ సంస్థ ఫార్మాల్డిహైడ్‌ను ల్యుకేమియా కారకంగా తేల్చింది. దానిమీద శాస్త్రవేత్తల్లో వాదన ఆగలేదు, ఆగకపోవడమే మంచిది. జామ్దానీ పట్టుకు ముడత పూత పెట్టం కనుక ఈ భయం ఉప్పాడ మగ్గానికి లేదు. ఇక్కడి ఆడపిల్లలు రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీలకు పనికి వెళ్తున్నారు చూడండి, ఈ ప్రశ్న వాళ్ళు అడగాల్సినది.

ఆ 11,039 అన్న అంకె నాకు నిద్రపట్టనివ్వలేదు. ఎలా తెలిసింది అంత కచ్చితంగా? జీతాల పుస్తకం ఉంది. ఎవరు ఏ సంవత్సరం చేరారు, ఎప్పుడు మానేశారు, అన్నీ సిరాతో ఉన్నాయి. మన సంగతేమిటి? 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల 22 వేల మంది చేనేత పనివాళ్ళు తేలారు. నూటికి 72 మంది ఆడవాళ్ళు. వీళ్ళలో ఎక్కువమంది ఏ జీతాల పుస్తకంలోనూ ఉండరు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో 29 వృత్తి జబ్బులు రాశారు. బెంజీన్ విషం ఉండేది, రసాయనాల వల్ల వచ్చే రక్తహీనత ఉండేది. డాక్టరుకు కనిపిస్తే ప్రభుత్వానికి తెలియజేయాల్సి ఉండేది. బాగానే ఉంది. కానీ అది ఫ్యాక్టరీకి. వసారాలో మగ్గం, పెరట్లో పొయ్యి మీద సబ్బు, సోడా వేసి పట్టు జిగురు తీసే డేగిశా, పక్కనే రంగు బకెట్టు, వీటిని ఏ చట్టం ఫ్యాక్టరీ అంది?

దీనికి తోడు లూసీ విల్స్ పాఠం. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. ముందటి సర్వేలో 60. అయిదేళ్ళలో ఒక్క శాతం కన్నా కాస్త ఎక్కువ కదిలాం. మగ్గం ఇంట్లో ఆడమనిషి రోజు నాకు తెలుసు. తెల్లారకముందు నీళ్ళు, వంట, పిల్లలు, ఆపైన కండెలు, ఆపైన మగ్గం రెండో వైపు కూర్చుని బుటా పోగులు. జామ్దానీ చీరకు ఇద్దరు కూర్చోవాలి. పని తెమలాక అందరూ తిన్నాక మిగిలింది ఆవిడ తింటుంది. చీర నెలో రెండు నెలలో పడుతుంది, దిగేదాకా డబ్బు చేతికి రాదు. ఆ మధ్యలో కొట్టువాడి దగ్గర అప్పు పెరిగేకొద్దీ ఇంట్లో ముందు ఆగేది పప్పు.  ఆకుకూర తినడానికి డబ్బులెందుకు, పెరట్లో వేసుకోవచ్చుగా అని నాకొక పెద్దమనిషి చెప్పాడు. అయ్యా, ఈ ఊళ్ళో పెరళ్ళు సముద్రం తీసుకుపోయింది, చూశారా అన్నాను.

ఒక సంగతి చెప్పాలి. క్లినిక్‌లో ఒకావిడ వచ్చింది, నలభై లోపే, ఆయాసంతో. గోళ్ళు నీలంగా ఉన్నాయి. నాకు పాత కేసు గుర్తొచ్చి గుండె ఝల్లుమంది. దూదికి స్పిరిట్ అద్ది రుద్దాను. దూది నీలమయింది, గోరు పాలిపోయి తెల్లగా బయటపడింది. పైనున్నది రంగు, కింద ఉన్నది రక్తం లేకపోవడం. "ఏం పని చేస్తారమ్మా?" అన్నాను. "ఏం పనీ లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. ఆవిడ చేతిలోని చీటీ మీదా అదే ఉంది, "గృహిణి" అని. రక్తం చూస్తే కణాలు చిన్నవీ ఉన్నాయి, పెద్దవీ ఉన్నాయి. అంటే ఇనుమూ లేదు, ఆకూ లేదు. మాత్రలు ఇచ్చాను, నులిపురుగుల మందు ఇచ్చాను. "గృహిణి" కొట్టేసి "పట్టు అద్దకం, కండెలు, జామ్దానీ, 22 ఏళ్ళు" అని రాశాను. ఆవిడ అది చూసి, "అదెందుకండీ రాయడం, మాత్రలు రాశారు కదా" అంది. మూడు నెలలకు మళ్ళీ వచ్చింది, కొంచెం రక్తం పట్టింది. ఈసారి కొత్త చీటీ. మళ్ళీ "గృహిణి".

గుమస్తాగారు ఉంటే చీటీలిచ్చే కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయిని ఏమీ అనేవారు కాదు. జేబులోంచి పెన్సిలు తీసేవారు. ఈ మండలంలో డాక్టర్లకూ, నర్సమ్మలకూ, ఆశా కార్యకర్తలకూ నేను అడిగేది అంతే. యంత్రాలు వద్దు, సర్వేలు వద్దు. ఏం పని, ఎన్నేళ్ళు, ఏ రంగు, మూడు ముక్కలు చీటీ అంచున. పదేళ్ళు రాస్తే ఇస్తాంబుల్‌లో జరిగింది కొత్తపల్లిలో జరుగుతుంది. రక్త క్యాన్సర్ లేదని తేలినా అది తేలడమే.

ఆ పుస్తకం ఇవాళ నాతో తెచ్చాను, వాళ్ళబ్బాయి అనుమతితోనే. పెన్సిలు చెరిగిపోతోంది. చదవగలిగినవన్నీ ఎత్తి రాశాను, 140 పైచిలుకు తేలాయి. వీటిలో చాలాచోట్ల పేరు లేదు, "పెద్దకోడలు, రంగు", "చెల్లెలు, కండెలు" అని మాత్రమే ఉంది. ఆ ఇళ్ళవాళ్ళు ఈ సభలో కూర్చుని ఉన్నారు, నాకు ముఖాలు తెలుస్తున్నాయి. టీ ఇస్తారు. తాగాక నేను ఆ చివరి బల్ల దగ్గర ఉంటాను. మీ నాయనమ్మ పేరేమిటో, ఎన్నేళ్ళు ఆ తొట్టి దగ్గర ఉందో, ఎలా పోయిందో, తెలిసినంత చెప్పండి. అద్దాలు తెచ్చుకున్నాను, తొందర లేదు.